పాత పెంకుటిల్లు కొనేముందు: చెమ్మ, చెద, దూలాల కొసలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి పాత వీధుల్లో తాతల నాటి ఇల్లు అమ్మకానికి వస్తే కొనేవాళ్ళు ముందు చూసేది స్థలం కొలతలు, వీధి వెడల్పు, పత్రాలు. ఇంటిని చూసేది చివర్న, అదీ పావుగంట. "గోడలు గట్టివేనండీ, కాస్త సున్నం కొట్టించుకుంటే చాలు" అని అమ్మేవాళ్ళు అంటారు. మొదటి వానాకాలం తిరక్కముందే మోకాలెత్తున గోడ పెచ్చులూడుతుంది. మరుసటి ఏడాది ద్వారబంధం అడుగున మట్టి రాలడం మొదలవుతుంది. అప్పుడు వడ్రంగిని పిలిచి ద్వారబంధం మార్పించడం, మేస్త్రిని పిలిచి సిమెంటు పూయించడం. రెండేళ్ళకు మళ్ళీ అదే కథ. ఎందుకంటే ఆ నీరు ఎటు నుంచి వస్తోందో ఎవరూ చూడలేదు.

కర్ర పొడిగా ఉంటే వందేళ్ళు దాటి నిలుస్తుంది. ఇక్కడి పాత ఇళ్ళలో వాడిన చేవగల (మాను నడిమి ముదురు గట్టి భాగం ఉన్న) టేకు, గుగ్గిలం, మద్ది దూలాలు ఇప్పటికీ మేకు దిగనంత గట్టిగా ఉన్నవి ఎన్నో. అలాంటి దూలం ఒక కొసన మెత్తబడిందంటే ఆ కొస దగ్గర నీరు ఉన్నట్టే. నీటి దారి తేలితేనే మరమ్మతుకు ఎంతవుతుందో తేలుతుంది. అది తేలాకే ధర మాట్లాడాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కట్టుబడి కూడా దాదాపు శ్రీకాకుళం వైపు ఇళ్ళలాగే ఉంటుంది. వీధి వైపు సన్నగా, పెరటి దాకా పొడుగ్గా సాగే ఇళ్ళు, పక్కింటితో ఉమ్మడి గోడ, ముందు అరుగు, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, వెనక నుయ్యి. గోడలు మట్టివో, మట్టి అడుసుతో కట్టిన రాయివో, సున్నంతో కట్టిన ఇటుకవో అయివుంటాయి. పైన నాటు పెంకు లేదా మంగళూరు పెంకు ఉంటుంది. కొన్ని పెద్ద ఇళ్ళలో చెక్క దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నపు కంకర వేసిన మద్రాసు టెర్రస్ మిద్దె కనిపిస్తుంది. పునాదిలో చెమ్మను ఆపే పొర వీటిలో దేనికీ ఉండదు. ఆ రోజుల్లో చెమ్మ గోడలోకి ఎక్కేది, సున్నపు పూతలోంచి ఆవిరై పోయేది. ఎక్కిన నీరు ఎక్కినట్టే బయటికి పోవడం వల్లనే ఆ గోడలు నిలబడ్డాయి.

ఇంట్లోకి అడుగు పెట్టకముందు వీధిలో నిలబడి రోడ్డును చూడండి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోవడంతో చాలా పాత వీధుల్లో రోడ్డు ఇంటి నేల కంటే పైకి వచ్చేసింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరే అరుగు ఇప్పుడు ఒక్క మెట్టుంటే గొప్ప. మేస్త్రీల దగ్గరుండే నీళ్ళ లెవెల్ ట్యూబుతో పది నిమిషాల్లో లెక్క తేలుతుంది. ఇంటి లోపలి నేల, రోడ్డు అంచు, మురుగు కాలువ అడుగు, ఈ మూడింటి ఎత్తూ రాసుకోండి. బయటి నేల లోపలి నేల కంటే కనీసం 6 అంగుళాలు కిందికి ఉండాలి. రోడ్డు ఎత్తుగా ఉన్నా కాలువ అడుగు ఇంటి నేల కంటే బాగా కిందికే ఉంటే ఉపాయం ఉంది. గోడ వెంబడి అడుగు వెడల్పున, అడుగున్నర లోతున తవ్వి, చిల్లులున్న 4 అంగుళాల పైపును కాలువ వైపు వాలుగా వేసి, చుట్టూ కంకర నింపితే గోడను తాకే నీరు తగ్గుతుంది. పాత గోడల పునాది రెండు మూడు అడుగులే ఉండొచ్చు కాబట్టి ఒక్కసారిగా మొత్తం తవ్వకూడదు. మీటరు తవ్వి నింపాక పక్క మీటరు మొదలుపెట్టాలి. పునాది అడుగు కంటే కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దిగకూడదు. కాలువ అడుగే ఇంటి నేలకు సమానంగానో పైనో ఉంటే మాత్రం నీటిని వాలుతో పంపే దారి లేదు. ఆ ఇంటిని స్థలం ధరకే లెక్కగట్టాలి, గోడలకు పైసా కట్టకూడదు.

రోడ్డు పెరిగిన చోట చాలామంది చేసే పని లోపలి నేలను ఎత్తు చేసి టైల్స్ పరచడం. నీళ్ళు లోపలికి రావడం ఆగుతుంది, నిజమే. కానీ స్తంభాల పాదాలు ఆ టైల్స్ కింద పూడిపోతాయి. పాత చెక్క స్తంభం కింద రాతి దిమ్మ ఉంటుంది. కర్ర నేలను తాకకూడదనే దాన్ని పెట్టారు. మీరు చూసే ఇంట్లో స్తంభం కింద రాయి కనిపించకుండా కర్ర సూటిగా టైల్స్‌లోకి దిగిపోతే, లోపల కర్ర చుట్టూ కాంక్రీటు ఉంది, నేల తడి అంతా ఆ పాదంలోకే ఎక్కుతోంది. టైలు అంచు దగ్గర సన్నటి స్క్రూడ్రైవరును ఏటవాలుగా పెట్టి అరచేత్తో నొక్కి చూడండి. చేవ కర్రలో రెండు మూడు మిల్లీమీటర్ల కంటే దిగదు. అంగుళం దిగి, బయటికి తీసినప్పుడు కొనకు తడి పొడి అంటుకుంటే ఆ స్తంభం బరువు మోయడం మానేసినట్టే. గడపకు, ద్వారబంధం నిలువు కమ్ముల అడుగుకు కూడా ఇదే పరీక్ష. చెద ముందుగా బయటపడేది అక్కడే.

గోడ మీది మరకను చదవడం కష్టమేమీ కాదు. నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా పొడవునా ఒకే పట్టీలా ఉండి, పై అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటే అది నేలలోంచి ఎక్కే చెమ్మ. పైనుంచి కిందికి దిగిన మరకైతే కప్పుది. గోడ మధ్యలో గుండ్రంగా ఉంటే పైపుదో, పక్కింటి స్నానాల గదిదో. వాన మొదలైన గంటల్లోనే ముదిరితే కప్పు, ఒకటి రెండు రోజులు ఆగి ముదిరితే కాలువ లేదా పెరడు, ఎండాకాలంలోనూ తగ్గకపోతే పైపు లేదా సెప్టిక్ ట్యాంకు. గోడలోని తడా, గదిలోని గాలి తడా అన్న అనుమానం వస్తే అడుగున్నర చదరపు అల్యూమినియం రేకును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. రేకు వెనక తడి ఉంటే గోడది, ముందు ఉంటే గాలిది. తేమ మీటరును గోడ మీద నమ్మొద్దు. ఉప్పు పట్టిన గోడ ఆరిపోయినా అది ఎక్కువే చూపిస్తుంది. కర్ర మీద మాత్రం బాగా పనికొస్తుంది. మన కోస్తా గాలికి వానాకాలంలో ఆరిన కర్ర కూడా 15 నుంచి 18 శాతం చూపించొచ్చు. 20 దాటితే కారణం వెతకాలి. 28, 30 దగ్గరుంటే కుళ్ళు నడుస్తున్నట్టే.

అమ్మేముందు దాచే పద్ధతులు నాలుగైదే. కింది మూడడుగులకే కొత్త రంగు, వంటింటి గోడకు నడుము ఎత్తు టైల్స్, గోడకు ఆనించిన బీరువా, అన్నింటికంటే ముఖ్యంగా పీవీసీ సీలింగ్. కప్పు కర్రను చూడకుండా పెంకుటిల్లు కొనకూడదు. అడ్వాన్సు ఇవ్వకముందే గదికి రెండు పలకలు విప్పమని అడగండి. అందులో తప్పేమీ లేదు. విప్పనిస్తే నిచ్చెన, టార్చి, సుత్తి తీసుకుని మీరే ఎక్కండి.

పైన చూడాల్సింది దూలం నడుమ కాదు, గోడలోకి దూరే కొసలు. గోడలో చెమ్మ ఉంటే కొస మూడు వైపులా తడి పీలుస్తుంది, గాలి తగలదు. సుత్తి పిడితో దూలం మధ్య నుంచి కొస వైపు కొట్టుకుంటూ వెళ్ళండి. ఖంగుమన్న శబ్దం ఎక్కడ డొల్లగా మారితే అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. గోడ నుంచి ఆ గీత దాకా ఉన్న కర్ర పోయినట్టు లెక్క. రంగు గోధుమగా మారి, చిన్న చిన్న గళ్ళుగా పగిలి, వేళ్ళతో నలిపితే పొడైతే అది బూజు తెచ్చిన కుళ్ళు. నరాల వెంట పొరలు పొరలుగా తొలిచి, మధ్యలో మట్టి నింపి ఉంటే చెద. గోడ మీద పెన్సిలు లావున మట్టి గొట్టం కనిపిస్తే ఒక అంగుళం మేర చెరిపేసి రెండు రోజులకు మళ్ళీ చూడండి. తిరిగి కట్టుకుంటే చెద బతికే ఉంది. కట్టకపోతే అది పాత బాట కావచ్చు, లేదా వేరే దారి పట్టి ఉండొచ్చు. అందుకే మిగిలిన గోడలూ చూడాలి.

పుచ్చు వేరు. గుండుసూది తలంత చిల్లులు, వాటి కింద పిండిలాంటి మెత్తటి పొడి. ఈ పురుగుకు పెద్దగా తడి అక్కర్లేదు. అది తినేది చేవ చుట్టూ ఉండే తెల్లటి భాగాన్నే. కాబట్టి నల్లటి పాత టేకు దూలం అంచున చిల్లులు చూసి బెదిరిపోనక్కర్లేదు. చెక్కి చూస్తే లోపల చేవ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ మధ్య వేసిన లేత కర్ర వాసాలకు పడితే మాత్రం మొత్తం పోతుంది. కింద నల్ల కాగితం పరిచి వారం ఆగితే కొత్త పొడి రాలుతోందో లేదో తెలుస్తుంది. కొత్త చిల్లు అంచు తెల్లగా, పాతది మాసిపోయి ఉంటుంది.

ఈ ప్రాంతంలో తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్‌కూ, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీకీ, ఈ రెండు తుపానులకూ ఈ కప్పు ఏమైంది, తర్వాత ఏం మార్చారు? ఇంటివాళ్ళు చెప్పకపోతే పక్కింటి పెద్దావిడను "పిన్నిగారూ, తిత్లీ అప్పుడు వీళ్ళ పెంకులు లేచిపోయాయా?" అని అడిగితే నిమిషంలో చెప్పేస్తారు. పెంకులు లేచి రోజుల తరబడి తడిసిన కప్పు మీద హడావుడిగా రేకులు బిగించిన ఇళ్ళున్నాయి. రేకు కింద పాత తడి కర్ర అలాగే మూతపడి ఉంటుంది. మరమ్మతులో వేసిన కొత్త వాసాలు పచ్చి కర్రవైతే ముందు పుచ్చేది అవే.

కప్పు బరువు కూడా లెక్కలోకి తీసుకోండి. మంగళూరు పెంకు రీపులతో కలిపి చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు. నాటు పెంకు రెండు వరసలైతే 120 దాకా. మద్రాసు టెర్రస్ మిద్దె కారుతోందని పైన 3 అంగుళాల కాంక్రీటు పోయిస్తే, చదరపు మీటరుకు అదనంగా 180 కిలోలు ఆ పాత దూలాల మీద పడ్డట్టు. అలాంటి మిద్దె కింద నిలబడి దూలం అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి కట్టండి. 10 అడుగుల దూలం మధ్యలో అర అంగుళం కంటే ఎక్కువ కుంగితే ఇంజినీరును పిలిపించకుండా ముందుకెళ్ళొద్దు. పాత కర్ర ఏళ్ళ మీద కొంత వంగడం సహజమే. అడుగున కొత్తగా విచ్చిన చీలిక కనిపిస్తే మాత్రం అది వేరే సంగతి.

ఉమ్మడి గోడ సంగతి విడిగా చూడాలి. పక్కవాళ్ళు పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తుల స్లాబు లేపితే, వాళ్ళ కొత్త గోడకూ మీ పాత గోడకూ మధ్య అంగుళమో రెండంగుళాలో సందు మిగులుతుంది. వాన నీరంతా అందులోకే దిగి మీ దూలాల కొసలను తడుపుతుంది. ఆ సందును సిమెంటుతో పూడిస్తే ఏడాదిలో పగులుతుంది. జీఐ రేకును (జింకు పూసిన ఇనుప రేకును) వంచి ఒక అంచు పక్కింటి గోడలో గాడి కోసి దూర్చాలి, రెండో అంచు మీ పెంకుల మీద కనీసం 6 అంగుళాలు పరచుకోవాలి. వాళ్ళ గోడలో గాడి కోయాలంటే వాళ్ళ ఒప్పుదల కావాలి. ఆ మాట కొన్నాక కాదు, కొనకముందే మాట్లాడుకోండి.

మరమ్మతుల్లో మొదటిది నీటిని ఆపడం, రెండోది గోడను ఆరనివ్వడం, కర్ర పని ఆ తర్వాతే. ఆరడానికి టైము పడుతుంది. అంగుళం మందానికి నెల అని మోటు లెక్క. అందుకే ఇల్లు చూడటానికి ఆగస్టు, సెప్టెంబరు మంచివి, పని మొదలెట్టడానికి తుపానులు సద్దుమణిగే నవంబరు చివర మంచిది. ఉప్పు పట్టిన పూతను మరక పై అంచు కంటే ఒకటిన్నర అడుగులు పైదాకా కొట్టేయించి, గోడను పొడి బ్రష్షుతో రుద్దించి, రాలిన ఉప్పును ఇంటి బయటికి ఎత్తిపోయించండి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

తర్వాత సిమెంటు పూయొద్దు. మేస్త్రి గట్టిగా వాదిస్తాడు, వాటర్‌ప్రూఫ్ పౌడరు కూడా కలుపుతానంటాడు. సిమెంటు పూత కింద చెమ్మ బయటికి పోలేక పైకి ఎక్కుతుంది. మూడడుగుల దగ్గర ఆగిన మరక ఆరడుగులకు పోయి కిటికీ కమ్ముల్నీ, ఆపైన దూలాల కొసల్నీ తాకుతుంది. మట్టి గోడైతే ఇంకా ప్రమాదం, పెంకులా అతుక్కున్న సిమెంటు వెనక గోడ మెత్తబడుతున్నా బయటికి తెలియదు. రాతి సున్నాన్ని గానీ గుల్ల సున్నాన్ని గానీ నీళ్ళలో చల్లార్చి, జల్లెడ పట్టి, పైన నీరు నిలిచేలా రెండు వారాలు నానబెట్టించండి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు గరుకు ఏటి ఇసుక. సముద్రపు ఒడ్డు ఇసుక ఎవరు తెచ్చినా వెనక్కి పంపండి, దాంతో మీరే గోడకు ఉప్పు పూసినట్టవుతుంది. గోడ తడిపి, అర అంగుళం మించకుండా ఒక పూత, అది బిగిశాక పలచగా రెండోది. గోనెసంచులు కట్టి వారం పది రోజులు నీళ్ళు చల్లాలి. పైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఇంత పనీ వృథా. మూడు పలచటి చేతులు సున్నమే వేయించాలి. మట్టి గోడకు ముందు వరిగడ్డి తుంపులు కలిపిన మట్టి పూత, దాని మీద సున్నం. రంధ్రాలు చేసి చెమ్మను ఆపే క్రీము ఎక్కించే పద్ధతి మంచి ఇటుక గోడలకు పనికొస్తుంది. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడలో మందు సమంగా పాకదు.

పోయిన దూలం కొసకు మొత్తం దూలం మార్చనక్కర్లేదు. పైన ఇరువైపులా మూడేసి అడుగుల పెంకు దించి, కింద మందపాటి పలక వేసి జాకీలు బిగించాలి. సుద్ద గీతకు ఇంకో అడుగు ఇవతల, మంచి కర్రలో కోయాలి. అదే జాతి ఎండు కర్రతో, దూలం లోతుకు (నిలువు మందానికి) కనీసం మూడు రెట్ల పొడవున అతుకు పెట్టి, 12 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు, పెద్ద వాషర్లతో బిగించాలి. పాత ఇళ్ళు కూల్చిన చోట దొరికే పాత టేకు దీనికి బాగుంటుంది. కొలత ఘనపుటడుగుల్లో చెబుతారు, 6 అంగుళాలు, 4 అంగుళాలు, 12 అడుగుల ముక్క రెండు ఘనపుటడుగులు. కొత్త కొస గోడలో కూర్చునే చోట రాతి బండ వేసి, కొస చుట్టూ ముప్పావు అంగుళం ఖాళీ వదలాలి. ఈ ఖాళీని తాపీ మేస్త్రి అలవాటు కొద్దీ మాలుతో పూడ్చేస్తాడు. పక్కనే ఉండి చూసుకోండి.

చెద మందు ఆఖరున. లైసెన్సు ఉన్నవాళ్ళతోనే కొట్టించాలి. గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు నేలమట్టి దాకా వేసి, రంధ్రానికి లీటరు మించకుండా మందునీళ్ళు ఎక్కిస్తారు. ద్రావణం పాళ్ళు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతమైతే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు, క్లోర్‌పైరిఫాస్ 20 శాతమైతే 50 మిల్లీలీటర్లు. డబ్బా మీది చీటీ చదివి, మీ ముందే కలపమనండి. నీళ్ళు ఎక్కువ పోసి కలిపితే డబ్బులే దండగ. నుయ్యి దగ్గర్లో ఉన్న గోడకు ఈ మందు వద్దు, అటువైపు కర్రను నేలకు తగలకుండా రాతి దిమ్మ మీదికి ఎత్తడమే మార్గం. లోపలి వాసాలకు, వాన తగలని చోట, లీటరు వేడినీటిలో 60 గ్రాముల బోరాక్స్, 40 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి పాత రంగు గీకేశాక రెండు మూడు సార్లు బ్రష్షుతో పట్టించవచ్చు. చేతులకు తొడుగులు వేసుకోండి. రంగు మీద పూస్తే లోపలికి ఇంకదు, తడిసే చోట పూస్తే కడుక్కుపోతుంది.

అగ్రిమెంటులో రెండు మాటలు తప్పక రాయించండి. ఉమ్మడి గోడ ఎవరిది, మీ చూరు నీళ్ళు ఎటు పడాలి. పాత దస్తావేజు తెలుగులో ఉంటే చెక్కుబందీలో (హద్దుల వివరాల్లో) ఈ సంగతి దొరకొచ్చు. ఒడిశా భూమి హక్కుల పత్రమైన కొత్త ఖతియాన్‌లో ప్లాటు నంబరు, విస్తీర్ణం, కిసం (భూమి రకం) ఉంటాయి గానీ చూరు గురించి ఉండదు. పాత కాగితం జిరాక్సు తీసుకుని, అందులో ఉన్న వాక్యాన్నే కొత్త దస్తావేజులోకి ఎక్కించమని లేఖరిని అడగండి.